దీపాల వేళ స్పానిషు

ఉప్పు కావాలంటే "సాల్" అనాలి. నీళ్లు కావాలంటే "ఆగువా" అనాలి. పాలు కావాలంటే "లేచె". అనకపోతే చెంబు నా చేతిలోనే ఉంటుంది, పిల్ల నోరు ఎండిపోతున్నా సరే. హోసూరులో మేమిద్దరం ఉన్న రెండు గదుల అద్దె ఇంట్లో కొన్నాళ్లు ఇదే చట్టం. చట్టం పెట్టింది నేను. స్పానిషు నేర్చుకోవలసింది నా మనమరాలు.

నా చదువు రెండో తరగతి. మూడో తరగతి పుస్తకం ఇంటికి వచ్చింది గానీ, దాని అట్ట నలగకముందే మా నాయన నన్ను గురుబరపల్లి దగ్గరి తోటలో మామిడికాయలు ఏరడానికి పెట్టేశాడు. తెలుగు అక్షరాలు బడిలో వచ్చాయి. తమిళ అక్షరాలు బస్సు బోర్డులు చూసి వచ్చాయి. కన్నడం మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. ఇప్పుడు ఈ రాసేదాంట్లో కూడా ఒత్తులు దిద్దింది మనమరాలే. మాటలు మాత్రం నావి.

నేను మెట్టింది కెలమంగలం దగ్గరి ఊరికి. ఆడ మాకు మల్బరీ చేను ఉంది, పట్టుపురుగుల షెడ్డు ఉంది. ఇప్పుడు అవన్నీ నా కొడుకూ కోడలూ చూసుకుంటారు. మనమరాలు డిప్లొమా చదివి హోసూరులో ఒక కంపెనీలో చేరింది. బండ్లకు వేసే సామాన్లు చేసే కంపెనీ. మొదట హాస్టల్లో ఉండేది. ఒకసారి చూడడానికి పోతే, తిన్నంత తిని మిగిలిన అన్నం బకెట్లో కుమ్మరిస్తున్నారు. ఆ బకెట్టు చూశాక నాకు ఊళ్లో నిద్ర పట్టలేదు. నా గిన్నెలు నేను సర్దుకొని వచ్చేశాను. ఇద్దరికీ ఒక ఇల్లు, ఒక పొయ్యి, ఒక దీపం.

దాని ఉద్యోగం కాంట్రాక్టుది. గడువు ముగిస్తే ఇంటికి పొమ్మంటారు. అయితే ఆ కంపెనీ సరుకు చాలా దూరం పోతుందట. మెక్సికో, కొలంబియా, ఇంకా ఏవేవో దేశాలు. అక్కడి అంగళ్లవాళ్లు ఫోన్ చేసి సరుకు ఉందా, ఎప్పుడొస్తుంది అని అడుగుతారు. వాళ్లకు వాళ్ల భాషలోనే జవాబు చెప్పడానికి కొంతమందిని పెట్టుకున్నారు. ఆ పనిలో చేరినవాళ్లకు గడువు లేదు, ఉద్యోగం గట్టిది. అందులో ఒక చోటు ఖాళీ అయింది. కావాలంటే స్పానిషు నేర్చుకొని, ఫోన్లో నోటి పరీక్ష ఇవ్వాలి. ఒకసారి తప్పితే ఇంకొకసారి చూస్తారు. అంతే.

నా కొడుకు ఫోన్లో తేల్చి చెప్పాడు.

"రాసేది రాయి, చెప్పేది చెప్పు. కాకపోతే వచ్చేయ్ పాపా. షెడ్డులో ఆకేసేదానికి మనిషి దొరకడం లేదు."

ఫోన్ పెట్టేసి పిల్ల గోడకు ఆనుకుంది.

"పురుగులకి ఆకేసేదానికా అవ్వా, నేను డిప్లొమా చేసింది?"

"ఆకేసిన చేతులే మే, నీ డిప్లొమాకి ఫీజు కట్టినాయి" అన్నాను.

అన్నాను గానీ దాని ముఖం చూశాను. చిన్నప్పటినుంచి అది షెడ్డులో పని చేయనని ఎప్పుడూ మొండికేయలేదు. చేసేది. చేస్తూనే మోటారు విప్పి చూసేది, స్ప్రేయరు బాగు చేసేది. దాని చేతికి ఆ పని కావాలి, దాని తలకు ఈ పని కావాలి. ఆ సంగతి నాకు తెలుసు. దానికి చెప్పలేదు.

చెవుల్లో ఏవో పెట్టుకొని ఫోన్ పట్టుకొని గొణుక్కునేది.

"ఏందిమే, మంత్రం నేరుస్తాండావా?"

"పాఠం అవ్వా."

"అయితే ఆ చెవిలోవి తీసెయ్. ఒక్క ఫీజుకి ఇద్దరం వింటాము."

అలా నాకు స్పానిషు పట్టుకుంది.

విన్న కొద్దిసేపట్లోనే దాని నేర్చుకునే పద్ధతి తప్పని తెలిసిపోయింది. ఫోన్ చెప్తుంది, ఇది చెప్తుంది, ఫోన్ మూస్తే మరిచిపోతుంది. షెడ్డుకు కొత్తగా కూలికి వచ్చినవాళ్లకు మేము పని నోటితో చెప్పం. ఆకు చేతిలో పెడతాం. తట్ట ముందు నిలబెడతాం. చేయి నేర్చుకుంటే తల వెంట వస్తుంది. అందుకే చట్టం పెట్టాను: పేరు చెప్పనిదే వస్తువు చేతికి ఇవ్వను. పొద్దున అది షిఫ్టుకు పోయే తొందరలో "అవ్వా, తువ్వాలు!" అని స్నానాల గదిలోనుంచి అరిచేది. నేను బయట తువ్వాలు పట్టుకొని నిలబడేదాన్ని.

"పేరు?"

"అవ్వా, బస్సు పోతుంది!"

"బస్సు పోతే ఇంకొకటి వస్తుంది. పేరు?"

"తోఆయా! తోఆయా!"

"అదీ."

ఆ పాఠాల్లో ప్రతి మాట కింద, అది ఎక్కడినుంచి వచ్చిందో రాసి ఉంటుంది. మొదట నాకది దండగ అనిపించింది. ఉప్పు కొనేటప్పుడు ఏ సముద్రంలోదని అడుగుతామా? అయితే ఒక సాయంకాలం పిల్ల నారింజ పండు ఒలుస్తూ "నరాంహా" అంది. మళ్లీ ఫోన్ చూసి కళ్లు పెద్దవి చేసింది.

"అవ్వా, ఇది మన పక్కనుంచే పోయిన మాట! ఈడనుంచి పారసీకులకి, వాళ్లనుంచి అరబ్బులకి, వాళ్లనుంచి స్పెయినుకి. నారింజ, నరాంహా. విను."

"ఎవరినడిగి ఎత్తకపోయినారు?"

"ఎత్తకపోలేదు అవ్వా, పండుతోపాటు పోయింది."

చక్కెర కూడా అంతేనట. అక్కడ "అసూకార్" అంటారు. ఊళ్లు దాటి ఊళ్లు దాటి, ముందర ఒక "అ" తగిలించుకుంది. మామిడి పండును "మాంగో" అంటారు. అది తెలిసినరోజు నేను పని ఆపి కూర్చున్నాను. మా పుట్టింటి తోటలో కాయలు కోసే కాలంలో తమిళ వ్యాపారులు వచ్చేవాళ్లు. చెట్టు చెట్టుకూ తిరుగుతూ "మాంగా, మాంగా" అంటూ బేరమాడేవాళ్లు. ఆ మాటనే పడమటి రేవుల్లో పోర్చుగీసువాళ్లు పట్టుకున్నారట, వాళ్లనుంచి స్పానిషువాళ్లు. మేము పక్కనే నిలబడి మామిడి మామిడి అని ఎంత అరిచినా, మా మాట చెట్టు కిందే ఉండిపోయింది, వాళ్ల మాట ఓడ ఎక్కింది. కొంచెం ఉడుకుమోత్తనంగానే ఉండింది నాకు.

అటునుంచి ఇటు వచ్చినవీ ఉన్నాయి. సపోటా వాళ్లదే, "సపోతె". టమాటా వాళ్లదే, "తొమాతె". మిరపకాయ కూడా వాళ్లదేనంటే మాత్రం నేను ఒప్పుకోలేదు.

"మిరపకాయ లేకుండా మన పెద్దోళ్లు చారు ఎట్ల కాచినారు?"

"మిరియాలేసి కాచినారు అవ్వా. మిరియమనే మాట ఉంది గదా, దాన్నుంచే మిరప అన్నారంట."

మిరియం, మిరప. వంటింట్లోకి పోయి రెండు డబ్బాలనూ పక్కపక్కన పెట్టి చూశాను. ఇన్నేళ్లు ఈ చేతులతోనే వాటిని తీసి పోపులో వేస్తున్నాను. ఎప్పుడూ అడగలేదు.

కింది ఇంట్లో ఇంటి ఓనరు ఉండేవాడు. కట్టడం పనిలో మేస్త్రీ. ఆ ఇల్లు తానే కట్టుకున్నాడు. నీళ్ల ట్యాంకు కారుతుంటే చూడడానికి పైకి వచ్చాడు. పిల్ల ఆయనను ఊరికే వదల్లేదు.

"అన్నా, మేస్త్రీ అనే మాట పోర్చుగీసోళ్లది. స్పానిషులో దాని తోబుట్టువు మాఎస్త్రో. అంటే అయ్యవారు."

ఆయన చేతిలోని పానా కింద పెట్టి నా వైపు తిరిగాడు.

"విన్నావా అమ్మా? నేను అయ్యవారంట. ఇకమీదట నన్ను అట్లనే పిలవాల."

"ట్యాంకు కారేది నిలబెట్టు, పిలుస్తాను."

"అయ్యవార్లు ట్యాంకులు చూడరమ్మా" అని నవ్వుతూనే నీళ్లు ఆపాడు. బాల్చీ కూడా ఆ పోర్చుగీసువాళ్లు దింపిందేనని, స్పానిషులో "బాల్దె" అంటారని పిల్ల చెప్తుంటే, నిండిన బాల్చీని ఆయనే మోసుకొని వచ్చి స్నానాల గదిలో పెట్టాడు. అయ్యవారి చేత నీళ్లు మోయించినవాళ్లు లోకంలో మేమే అయివుంటాం.

నాకు అన్నిటికంటె నచ్చిన మాట "ఓహలా". అలా జరిగితే బాగుండును అని కోరుకునేటప్పుడు అంటారట. అరబ్బీలో దేవుడు తలిస్తే అనే మాటలోనుంచి వచ్చిందని పిల్ల చదివింది. మేము పట్టుగూళ్లు మార్కెట్టుకు తీసుకుపోతే, వాటినుంచి దారం తీసే రీలింగు పెట్టుకున్న సాయిబు ఒకాయన కొనేవాడు. ఈసారి పట్టు బాగా సాగుతుందా అని అడిగితే, రెండు చేతులూ పైకెత్తి "ఇన్షా అల్లా" అనేవాడు. చెయ్యెత్తి దేవుడి మీద వేసే మాట ఎక్కడైనా అవసరమే. అందుకే అది అంత దూరం పోయి నిలబడింది.

ఇలా సాగుతుండగా ఒక సాయంకాలం నేను దీపం కుందె తోముతున్నాను. లోపలినుంచి దాని గొంతు గట్టిగా వినపడింది.

"నో ఆయ్ అర్రోస్. నో ఆయ్ లేచె. నో ఆయ్ పాన్."

అర్రోస్ అంటే బియ్యం, లేచె అంటే పాలు, పాన్ అంటే రొట్టె. ఈ మూడూ నాకు తెలుసు. ముందరిది తెలియదు.

"నో ఆయ్ అంటే ఏమి?"

"లేదు అని అవ్వా. బియ్యం లేదు, పాలు లేవు, రొట్టె లేదు."

కుందె కింద పెట్టేశాను.

మా ఇళ్లలో దీపం పెట్టే వేళకు లేదు అనే మాట నోట రాకూడదు. బియ్యం అయిపోతే నిండుకున్నాయి అంటాం. నూనె అయిపోతే నిండుకుంది అంటాం. ఎవరైనా ఏదైనా అడగవస్తే, లేదని పంపం. రేపు రా అమ్మా అంటాం. లక్ష్మి గడప దగ్గర ఉండే వేళలో లేదు అంటే, ఆమె విని సరే అని వెనక్కి తిరిగిపోతుంది. మా అత్త నాకు చెప్పింది, నేను నా కోడలికి చెప్పాను, కోడలు దీనికి చెప్పింది.

"దీపం పెట్టే వేళ ఇంట్లో నిలబడి, బియ్యం లేదు పాలు లేవు అంటాండావా?"

"స్పానిషులో గదా అవ్వా అన్నాను!"

"దీపానికి స్పానిషు రాదనుకుంటివా?"

నవ్వబోయి నా ముఖం చూసి ఆపుకుంది. ఆ పాఠం పొద్దున చదువుకోమన్నాను. పొద్దున షిఫ్టు. సెలవు రోజున గుడ్డలు ఉతకాలి, నీళ్లు పట్టాలి. సాయంకాలం కూర్చుంటే దీపం. ఆ ఒక్క పాఠం మా ఇంట్లో అలాగే పక్కన ఉండిపోయింది.

పరీక్ష ఫోన్ దీపాల వేళకే వచ్చింది. అవతల పరీక్ష చేసే ఆమె ఆ దేశంలోనే ఉందట. ముందుగదిలో, దీపం గూటి ముందు మాత్రమే సిగ్నలు బాగుంటుంది. పిల్ల అక్కడే చాప వేసుకొని కూర్చుంది. నేను వేళ తప్పించలేను కాబట్టి వత్తి వెలిగించి, వంటింటి గడపలో కూర్చున్నాను.

మొదట బాగానే జరిగింది. పేరు, ఊరు, ఇంట్లో ఎవరున్నారు. "అబువేలా" అని వినపడింది. అంటే అవ్వ. నా మాట కూడా అక్కడికి చేరిందన్నమాట. తరువాత ఆమె అంగడిదానిలాగా నటిస్తూ ఏదో అడిగింది. "కదేనాస్" అనేది వినపడింది. బండి చైన్లు. పిల్ల జవాబు చెప్పడానికి నోరు తెరిచింది. దీపం వైపు చూసింది. నా వైపు చూసింది. నోరు మూసింది.

"మన్యానా" అంది.

ఆ మాట నాకు తెలుసు. రేపు.

అవతలామె మళ్లీ అడిగింది. గొంతులో కోపం లేదు, కానీ పట్టుదల ఉంది.

"మన్యానా, సెన్యోరా. మన్యానా."

మూడోసారి అడిగినా అదే జవాబు. ఆ తరువాత మాటలు తొందరగా అయిపోయాయి.

మరుసటి రోజు షేర్ ఆటో దిగి ఇంటికి వచ్చి, "కాలేదు అవ్వా" అంది. అంతే చెప్పింది. ఎందుకు కాలేదో చెప్పలేదు. నేను అడగలేదు.

ఆ తరువాత అది వస్తువుల పేర్లు చెప్పడం మానేసింది. అన్నం ముందర కూర్చొని మెతుకులు అటూ ఇటూ చేసేది. నేనూ పేరు అడగలేదు. ఉప్పు అడగకముందే దగ్గర పెట్టాను. పట్టుపురుగు పెరిగేటప్పుడు మధ్య మధ్య మేత మానేసి, తల పైకెత్తి కదలకుండా ఉండిపోతుంది. దాన్ని మేము జ్వరం అంటాం. తెలియనివాళ్లు చూస్తే చచ్చిపోయిందనుకుంటారు. అప్పుడు ఆకు వేయకూడదు, తట్ట కదిలించకూడదు. లోపల పాత తోలు వదిలే పనిలో ఉంటుంది. దాని పని అది చేసుకోవాలి. నేను ఎన్నో జ్వరాలు చూసినదాన్ని. పిల్లను కదిలించలేదు.

కొడుకు ఫోన్ చేశాడు.

"అమ్మా, పిలుచుకోని వచ్చెయ్. పురుగులు పండుతాండాయి. ఈడ చేతులు చాలడంలేదు."

"ఇంకొక పరీక్ష ఉండాది గదప్పా."

"ఒకటి కాలేదు, ఇంకొకటి అవుతుందా?"

"ఆ సంగతి దాన్ని చెప్పనీ" అన్నాను. అయినా సెలవు దినం చూసుకొని ఇద్దరం కెలమంగలం బస్సు ఎక్కాం. పండిన పురుగులు పరీక్షల కోసం ఆగవు.

పండిన పురుగు ఒళ్లు పసుపు పచ్చగా, అద్దంలాగా అవుతుంది. దాన్ని ఏరి, వెదురు చంద్రికె మీద వేస్తే గూడు కట్టుకుంటుంది. పిల్ల నా పక్కన కూర్చొని ఏరుతోంది. చేతులు పాత అలవాటుతో వాటంతటవే కదులుతున్నాయి. కొంతసేపటికి ఒక పురుగును అరచేతిలో పెట్టుకొని, నేను అడగకుండానే, "సేదా" అంది. పట్టు.

జ్వరం విడిచిందని అర్థమయింది.

"ఇప్పుడు చెప్పు. ఆ పొద్దు ఏమైంది?"

"ఆమె చైన్లు ఉండాయా అని అడిగింది. లేవు అనాల. సరుకు లేనప్పుడు లేదని చెప్పేది వస్తుందా రాదా అనేదే పరీక్ష. నేను రేపు అన్నాను. రేపు అంటే వాళ్లు నమ్మి, వాళ్ల గిరాకీలకి మాటిస్తారంట. అందుకే వద్దనేసినారు."

"మాట రాలేదా?"

"మాట వచ్చింది అవ్వా. నోటిదాకా వచ్చింది. దీపం ముందర, నువ్వు చూస్తాంటే, ఎట్ల చెప్పేది?"

పురుగులు ఏరుతూ ఉన్నాను. ఒక ఏడాది జరిగింది గుర్తుకు వచ్చింది. పిల్లపురుగులు పెంచి అమ్మేవాడు ఒకడు మాకు ఇస్తానని ఒప్పుకున్నాడు. మేము షెడ్డు కడిగి, సున్నం కొట్టి, తట్టలు పరిచి, లేత ఆకు తెచ్చి పెట్టుకున్నాం. అడిగితే రేపు అన్నాడు. మరునాడు అడిగితే మళ్లీ రేపు. వాడి దగ్గర పురుగులు లేవు, ఉన్నవి జబ్బుపడి పోయాయి. ఆ మాట చెప్పడానికి వాడికి నోరు రాలేదు. చేనులో ఆకు ముదిరిపోయింది. ఆ ఏడాది వాడిని తిట్టని పూట లేదు. ఒక్క మాట, లేదమ్మా అని చెప్పి ఉంటే వేరే ఊరికి పోయేవాళ్లం గదా అని.

దూరాన ఉన్నవాళ్లకు రేపు అనే మాట మర్యాద కాదు. అయితే దీపం ముందర లేదు అనే మాట నేను ఒప్పుకోలేను. రెండూ నిజమే. చంద్రికె నిండింది, ఇంకొకటి లాక్కున్నాం. షెడ్డు కిటికీలోనుంచి ఎండ వాలుతోంది.

"పాపా, మన ఇంట్లో దీపం పెట్టేటప్పుడు ఆ ఫోన్లో అడిగినామె దగ్గర ఏం వేళ?"

"ఆడ అప్పుడే పొద్దు పుట్టింటుంది. లేచి కాఫీ తాగుతాంటారు."

"తెల్లారి ఉంటుంది గదా? గట్టిగా చెప్పు."

"తెల్లారే ఉంటుంది అవ్వా."

"అయితే అడ్డం లేదు. తెల్లారినాక ఎవరైనా లేదు అనచ్చు. మాట ఈడ పుడితే ఏమి, చేరేది ఆడ. చేరిన చోటి వేళే వేళ."

పిల్ల చేతిలో పురుగును అలాగే పట్టుకొని నన్ను చూసింది.

"నువ్వే చెప్తాండావా అవ్వా?"

"నేనే చెప్తాండాను. కానీ ఒకటి. ఈ ఇంటి బియ్యానికి చెప్పకూడదు. ఈ ఇంటి నూనెకి చెప్పకూడదు. ఆ చైన్లకి మాత్రమే."

ఆ రోజే మొదలుపెట్టాం. నేను అంగడిదాన్ని.

"ఆయ్ కదేనాస్?"

"నో ఆయ్, సెన్యోరా."

"గొంతు లోపలికి పోతాంది. మళ్లీ. ఆయ్ కదేనాస్?"

"నో ఆయ్!"

"కొట్లాటకి వచ్చినట్ల ఉంది. లేదని చెప్పేటప్పుడు కొంచెమన్నా బాధపడాల. దానికేమన్నా మాట ఉండాదా వాళ్లకి?"

"ఉండాది. లో సియెంతో."

"అంటే?"

"క్షమించండి అని. మాటకి మాట చూస్తే, నాకు తెలుస్తాంది, లోపల తగులుతాంది, అని."

"మంచి మాట. అది కూడా చెప్పు. తరువాత ఎప్పుడొస్తుందో తెలిస్తే చెప్పు, తెలియకపోతే తెలియదని చెప్పు."

ఆకు గంప ఎత్తుకొని వచ్చిన నా కొడుకు వాకిట్లో నిలిచిపోయాడు.

"అమ్మా, ఏం మాటలు మాట్లాడతాండారు మీరు?"

"వ్యాపారం" అన్నాను. "నువ్వు గంప దించు."

హోసూరుకు వచ్చాక చట్టం మళ్లీ అమలులోకి వచ్చింది, కొంచెం కొత్తగా. పొద్దున కాఫీ వేళకు నేను అడిగేదాన్ని, అది లేదనేది. "ఆయ్ బుహీయాస్?" "నో ఆయ్." అది బండిలో నిప్పు పుట్టించే ప్లగ్గు పేరు. ముందు ఆ మాటకు మైనపు వత్తి అని అర్థమట. మైనం వచ్చే రేవు పేరే వత్తికి వచ్చింది, వత్తి పేరు ప్లగ్గుకు వచ్చింది. కొత్త పేరు కనిపెట్టకుండా ఉన్నదాన్నే మళ్లీ వాడుకున్నారు. ఆ పొదుపు నాకు బాగా నచ్చింది.

రెండో పరీక్ష కూడా దీపాల వేళకే. పిల్ల చాప వేసుకుంది, అదే చోట. నేను వత్తి వేసి, నూనె పోసి, వెలిగించాను. ఈసారి గడపలో కూర్చోలేదు. గూటి పక్కనే, అది తల తిప్పితే నా ముఖం కనిపించే చోట కూర్చున్నాను. నావల్ల ఆగిన మాట నేను చూస్తుండగానే రావాలి.

అవతలామె పలకరించింది. ఇది జవాబు చెప్పింది. అటూ ఇటూ కొన్ని మాటలు నడిచాయి. తరువాత ఆ ప్రశ్న వచ్చింది. ఈసారి చైన్లు కాదు, బ్రేకులు. "ఆయ్ ఫ్రేనోస్?"

పిల్ల నా వైపు చూసింది. నేను చేత్తో కిటికీ బయటికి చూపించాను. బయట చీకటి పడుతోంది. నేను చూపించింది ఆ చీకటిని కాదు, దాని అవతల తెల్లవారుతున్న చోటును. దానికి అర్థమయింది.

"నో ఆయ్, సెన్యోరా. లో సియెంతో."

గొంతు ఎంత ఉండాలో అంతే ఉంది. ఆమె మళ్లీ అడిగింది, బతిమాలినట్లు. కొంచెమైనా లేవా, రేపటికైనా రావా అని కాబోలు. "మన్యానా" అనే మాట ఆమె నోటనుంచే వచ్చింది. పిల్ల ఆ మాటను ఎత్తుకోలేదు.

"నో, సెన్యోరా. మన్యానా నో. నో ఆయ్."

దీపం నిలకడగా వెలుగుతూనే ఉంది. నేను చూస్తూనే ఉన్నాను.

ఫోన్ పెట్టేసినాక అది ఒక్క మాట అంది, "ఓహలా" అని. నేను చేతులు రెండూ పైకెత్తాను, మార్కెట్టులో ఆ సాయిబులాగా.

ఫలితం తెలిసినరోజు అది మెట్లు ఎక్కి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా వాకిట్లో నిలబడింది. రొప్పుతోంది. కాలేదేమోనని నేను చెంబుతో నీళ్లు తెచ్చి చేతికి ఇవ్వబోయాను, పేరు అడగకుండా. అది చేయి వెనక్కి తీసుకుంది.

"ఆగువా" అంది. "పోర్ ఫవోర్, అబువేలా."

పోర్ ఫవోర్ అంటే దయచేసి. ఆ మాట ఎప్పుడూ అననిది ఆ రోజు అందంటే, నాకు వేరే చెప్పనక్కరలేకపోయింది. చెంబు ఇచ్చాను.

"చెప్పులు విడువు. గడపంతా మన్ను" అన్నాను.

కొడుక్కు నేనే ఫోన్ చేశాను.

"అయితే షెడ్డుకి మనిషిని చూసుకోవాలన్నమాట" అన్నాడు.

"చూసుకోప్పా" అన్నాను. "ఆకు చేతిలో పెట్టి నేర్పించు. నోటితో చెప్పద్దు."

ఇప్పుడు దాని షిఫ్టు సాయంకాలం మొదలవుతుంది. కొన్ని రోజులు ఆఫీసులో, కొన్ని రోజులు ఇంట్లోనే, ఆ చాప మీద. నేను దీపం వెలిగిస్తాను. పిల్ల ఉన్నవాటికి ఉన్నాయని, లేనివాటికి లేవని చెప్తుంది. ఒక్కొక్కసారి అవతలివాళ్లు అరుస్తారు. అప్పుడు లో సియెంతో అంటుంది, నిజంగానే అన్నట్లు అంటుంది.

మొన్న అలాగే మాట్లాడుతోంది. "నో ఆయ్, సెన్యోర్, నో ఆయ్" అంటోంది. వంటింట్లో నేను రాత్రికి బియ్యం తీయబోతే డబ్బా అడుగు చేతికి తగిలింది. డబ్బా పట్టుకొని వంటింటి గడపలోకి వచ్చి నిలబడ్డాను. అది ఫోన్ చెవి దగ్గర పెట్టుకొనే నా వైపు తల ఎత్తింది.

"బియ్యం నిండుకున్నాయి మే" అన్నాను.

తల ఊపింది. ఫోన్ పెట్టేశాక కిందికి దిగి అంగడికి పోయి తెచ్చింది.